కొండవారి కూటిని గూర్చి కొండవారినే అడుగుడు

కొండలలో నివసించువారికి తినుట తెలియదనియు, నేర్పువారు లేక వారి బిడ్డలు చిక్కి శల్యమగుచున్నారనియు మన పట్టణములలో ఒక నమ్మిక బలముగా నాటుకొనియున్నది. సభలలో ఉపన్యాసకులు దీనినే చెప్పుదురు. కరపత్రములలో అధికారులు దీనినే వ్రాయుదురు. మనలో దయగలవారు ఏటికొకసారి దుప్పట్లును బిస్కట్లును మూటగట్టుకొని ఏజెన్సీకి పోవునప్పుడు దీనినే మనసున బెట్టుకొని పోవుదురు. అజ్ఞానము, మూఢవిశ్వాసము, చెడ్డ అలవాట్లు అను మూడు మాటలతో పాడేరు మొదలు ఉట్నూరు వరకు గల రోగములన్నింటికిని కారణము చెప్పివేయుట మనకు పరిపాటి యైనది. ఈ నమ్మిక తప్పనియు, హానికరమనియు మా వాదము. ఆకలికి కారణము ఆకలిగొన్నవాని తలలోనే యున్నదని నమ్మినవాడు, అతని కంచములోని కూటిని ఎవరు తీసివేసిరని యెన్నడును అడుగడు.

మొదట ఆ కంచమును చూతము. తూర్పుకనుమలలోని కోదులు, గదబలు, కొండదొరలు, సవరలు, జాతాపులు తరతరములుగా పోడు చేసి పండించినవి చోళ్లు, సామలు, కొర్రలు, జొన్నలు, కందులు, వలిసెలు. ఒకే చెక్కలో నాలుగైదు గింజలు కలిపి చల్లుట వారి పద్ధతి. వాన ముందుగా వచ్చిన నొకటి, వెనుకగా వచ్చిన నింకొకటి పండును. ఏ యేడును చేయి పూర్తిగా వట్టిపోదు. దీనినే మన పండితులు మోటు వ్యవసాయమనిరి. పనికి పోవు స్త్రీ ఆనపబుర్రలో పోసికొనిపోవు చోడి అంబలిని మనవారు బీదల గంజి యనిరి. ఆ గంజిలో నేమున్నదో మన శాస్త్రజ్ఞులే చెప్పియున్నారు. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన ఆహారపట్టికల ప్రకారము, నూరు గ్రాముల చోళ్లలో 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. మరపట్టిన బియ్యములో 7 మిల్లీగ్రాములకు కొంచెము మించి యున్నది. ఇనుము చోళ్లలో 4.6 మిల్లీగ్రాములు, బియ్యములో ఒక మిల్లీగ్రామైనను లేదు. ఎముక గట్టిపడవలసిన బిడ్డకును, రక్తము పట్టవలసిన బాలింతకును ఏది తగిన కూడో చెప్పుటకు వేరొక సాక్ష్యము కావలయునా?

పంటచెక్కకు ఆవల అడవి కలదు. దుంపలు, వెదురుకొమ్ములు, పుట్టగొడుగులు, పదిరకముల ఆకుకూరలు, ఇప్పపువ్వు, ఏటిచేపలు, వేటమాంసము ఋతువు ననుసరించి ఇంటికి వచ్చుచుండెను. వీనికొక కట్టుబాటును కలదు. మామిడికి కొత్త, చిక్కుడుకు కొత్త, కొర్రలకు కొత్త యని పండుగలు చేసి, దేవతకును పెద్దలకును పెట్టినగాని ఊరిలో నెవ్వరును ఆ కాయను కోయరు, ఆ గింజను వండరు. లేతకాయ తెంపి విత్తనము చెడగొట్టకుండ ఊరి నంతటిని ఒక్క తాటిపై నిలుపు నియమ మిది. ఏకాదశినాడు అన్నము ముట్టక, కార్తికమున నక్షత్రము చూచి భుజించు మనము దీనిని మూఢవిశ్వాసమని యెట్లనగలము?

ఇట్టి కంచము ఎట్లు ఖాళీ యయ్యెను? రంప పితూరీని మనము వీరగాథగా చెప్పుకొందుము. కూటికథగా ఎన్నడును చెప్పుకొనము. 1879లో రంపదేశమున కొండవారు తిరుగబడుటకు గల ముఖ్యకారణములలో నొకటి చెట్టుకల్లుపై వచ్చిన నిషేధమును పన్నును. తమ యింటి యవసరమునకు కల్లు గీచికొనుట అనాదిగా వచ్చిన హక్కు కాగా, సర్కారు దానిని గుత్త కిచ్చెను. మన్సబుదారు చిగురుపన్ను పేర పిండెను. మనకు కల్లు మత్తుపానీయము. గింజలు తరిగిన నెలలలో కొండరెడ్డికి జీలుగుకల్లు సగము భోజనము. ఆ జీలుగు మానులోని పిండియే కరవుదినములలో వాని గాదె. మద్యనిషేధమును గూర్చి మన పత్రికలలో ఎంతయో వ్రాసితిమి గాని, ఈ భేదమును ఒక్కమారైనను ఆలోచించితిమా? తరువాత 1882 నాటి మద్రాసు అటవీశాసనము వచ్చెను. పోడు నేరమయ్యెను; దుంప త్రవ్వుకొనుట గార్డు దయకు లోబడెను. ఆ యన్యాయమును కొంత దిద్దుటకు 2006లో అటవీహక్కుల చట్టము వచ్చువరకు నూటయిరువది యేండ్లకు పైగా గడిచినవి.

పిమ్మట 1983లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము పంచుట ఆరంభించెను. ఆ బియ్యము ఎందరి ప్రాణములనో నిలిపినది. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. ఆకలిగొన్నవాని నోటికాడ కూడు తీసివేయు వాదమును మేము చేయము. కాని ఆ దుకాణమున బియ్యమే యుండి, చోళ్లు లేకుండుట ఎవరి తీర్మానము? సర్కారు కొనునది బియ్యము, పంచునది బియ్యము, గౌరవముగల అన్నము బియ్యమే యని బడిలో బోధించునది సర్కారు. చోడిచేను క్రమముగా జీడితోటయు, కాఫీతోటయు, ఆదిలాబాదు వైపున పత్తిచేనును అయినది. చేతికి డబ్బు వచ్చినమాట నిజమే. కంచమునకు చోడి రాలేదు. ఇంతలో ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించుటతో పట్టణములలో చిరుధాన్యములు నాగరికత యయ్యెను. మధుమేహమునకు మంచిదని మన యిండ్లలో కొర్రన్నము వండుచున్నాము, రాగిజావ త్రాగుచున్నాము. నిన్నటివరకు మోటుకూడని మనము వెక్కిరించినదానిని నేడు అందమైన సంచులలో అధికమైన వెలకు కొనుచుండగా, దానిని కాపాడి యిచ్చినవాని బిడ్డ తెల్లబియ్యము తిని రక్తహీనుడై యున్నాడు. ఇందులో అజ్ఞాని యెవడో చదువరులే నిర్ణయింతురు గాక.

రక్తహీనతకు మందుగా బియ్యముననే ఇనుము కలుపుదుమని 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిరి. ఉద్దేశము మంచిదే. కాని మామూలు గింజలలో వింతగింజలు కనబడగా పలుచోట్ల జనులు వానిని ప్లాస్టికు బియ్యమని భయపడి యేరి పారవేసిరి. వారి భాషలో వారికి ముందుగా ఒక్కమాట చెప్పినవారు లేరు. కొడవలికణ వ్యాధి గలవారు ఇనుము కలిపిన ఆహారము తినరాదని సంచిపై హెచ్చరిక ముద్రింపవలెనని 2018 నాటి నిబంధనలు చెప్పెను. ఆ భయ మక్కరలేదని 2024లో కేంద్రప్రభుత్వము పలికెను. శాస్త్రము మారవచ్చును, మారుటలో తప్పులేదు. అయితే ఆ వ్యాధి అధికముగా నున్నది ఆదివాసులలో. ఆ హెచ్చరిక వ్రాయుటయందును, తీసివేయు తలంపునందును వారి పెద్దలతో మాటాడినవా రెవరు? సంచిపై గల అక్షరములను కువి మాటాడు తల్లి చదువునని యెవరు తలచిరి?

ఇక దాతల వంటయింటిని చూతము. పసిబిడ్డలకు, గర్భిణులకు ఆహార మిచ్చు అంగన్‌వాడీ పథకము 1975 అక్టోబరు 2న ఆరంభమైనది. దాని మేలు గొప్పది. కాని ఏజెన్సీ గూడెమునకు ఆ బాలామృతము ఎచ్చటినుండి వచ్చును? హైదరాబాదు నాచారమున యంత్రములందు గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె చేర్చి తయారుచేసినది వందలమైళ్లు ప్రయాణము చేసి వచ్చును. ఆ కొండలలో గోధుమ పండదు. కోయలు, సవరలు, కోదులు మున్నగు పలువురిలో ఆవును పిదుకుట పూర్వాచారము కాదు. పాలు దూడ సొత్తని వారి నీతి. గోమాతను పూజించి దూడమూతి కట్టివేయు మనకు ఈ నీతిని చూచి కొంచెము సిగ్గుపడవలసిన పని యున్నది. వారికి పాలు త్రాగుట తెలియదని జాలిపడుటకు హక్కు లేదు. ఊరిలోనే చోళ్లు, కందులు, వలిసెలు, వేరుసెనగలు కొని, ఊరి స్త్రీలచేతనే వేయించి విసరించి పిండి చేయించిన నేమి లోపము?

ఇది ఊహ కాదు. ఉట్నూరున ఆదివాసీ స్త్రీల సహకారసంఘ మొకటి ఇప్పపువ్వుతో లడ్డులు చేసి చూపినది. తెలంగాణలో గిరిపోషణ మను పేర ఇక్రిశాట్ శాస్త్రజ్ఞుల సాయముతో జొన్న, చిరుధాన్యముల ఆహారములను ఉట్నూరు, భద్రాచలము, ఏటూరునాగారము ఏజెన్సీలలో పంచిరి. పొరుగున ఒడిశాలో 2017లో చిరుధాన్యముల పథకము నారంభించి, కొండరైతుల వద్ద చోళ్లు మద్దతుధరకు కొని, కొన్ని జిల్లాల అంగన్‌వాడీలలో చోడిలడ్డు పెట్టిరి. ఇప్పపువ్వు సారాయికే పుట్టినదని తలంచి దానిపై నిఘా పెట్టిన పాలకులకు, అది బిడ్డల కూడని ఒప్పుకొనుటకు ఇంతకాలము పట్టినది.

మన అసహ్యము గూర్చియు దాచక చెప్పుకొనవలసి యున్నది. కొండవారు తినెడు పశుమాంసమును, ఎండుచేపను, చీమల పచ్చడిని తలచుకొని మనలో ననేకులు ముక్కు మూసికొందురు. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పిమ్మట, అదే ముక్కులు కొంత తెరచుకొన్నవి! దాత అసహ్యము బిడ్డ ఆకలికన్న పెద్దదైనచో నేమగునో మధ్యప్రదేశము చూపినది. దేశమున ఆదివాసులు అందరికన్న నెక్కువగా నున్న రాష్ట్ర మది. అంగన్‌వాడీలలో కోడిగ్రుడ్డు పెట్టుదమను ప్రతిపాదనను 2015లో అచ్చటి ప్రభుత్వము త్రోసివేసెను. తినువారు వద్దనలేదు; పెట్టువారికి రుచింపలేదు. శాకాహారము మహాధర్మమే కావచ్చును. ఒకని ధర్మమును ఇంకొకని బిడ్డ ఉపవాసముతో ఆచరించుట ఏ ధర్మము?

కూటివలెనే కాన్పు. ఆస్పత్రిలో కాన్పు జరుగవలెననుటలో మాకు సందేహము లేదు. రక్తస్రావమైన తల్లిని కాపాడునది వైద్యశాలయే గాని మంత్రము కాదు. 2005లో జననీ సురక్షా యోజన యను పేర ప్రభుత్వము అందులకు ధనసాయమును ఏర్పరచినది. అయినను గూడెమునుండి ఆస్పత్రికి దారి లేక డోలీకట్టి గర్భిణిని మోసికొనివచ్చు వార్తలు పత్రికలలో నేటికిని చదువుచున్నాము. చేరిన పిమ్మట నేమగును? అత్తయో, మంత్రసానియో పక్కన నుండగా, త్రాడు పట్టుకొని గొంతుకూర్చుండి కనుట అలవాటైన స్త్రీని ఇనుపబల్లపై వెల్లకిల పరుండబెట్టుదురు. తోడువచ్చినవారిని బయటకు పంపుదురు. భాష తెలియని నర్సు మురికిదానవని గద్దించును. ఆ స్త్రీ మరుసటి కాన్పునకు రాదు. రాకపోయినచో మనము రిజిస్టరులో 'నిరాకరించినది' అని వ్రాసికొందుము. ఆమె నిరాకరించినది వైద్యమునా, అవమానమునా?

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున ఆండీస్ కొండల స్త్రీలు కూర్చుండియో, నిలుచుండియో కనుట ఆచారము. 2005లో ఆ దేశ ఆరోగ్యశాఖవారే అట్టి కాన్పును ఆస్పత్రులలో సురక్షితముగా చేయించు పద్ధతిని నియమముగా జారీచేసిరి. స్త్రీ తన కనువైన భంగిమను ఎంచుకొనవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థయు చెప్పుచున్నది. మన దేశముననే 2018లో పార్వతీపురము గిరిజనాభివృద్ధి సంస్థవారు సాలూరున గర్భిణుల వసతిగృహము నేర్పరచి, దారిలేని గూడెముల స్త్రీలు నెలలు నిండకముందే దిగివచ్చి ఆస్పత్రి చెంత నుండునట్లు చేసిరి. ఇట్లు చేయగలమని తెలిసిన తరువాత చేయకుండుట పేదరికము కాదు, ఉపేక్ష.

ఇచ్చట ప్రతివాది మమ్మడుగును: 'వారి ఆచారములన్నియు మంచివేనా? చచ్చిన పశువుమాంసము తిని దొమ్మరోగము తెచ్చుకొనుటయు గౌరవింపవలసిన సంస్కృతియేనా?' కాదు. విశాఖ ఏజెన్సీలో ఆ రోగము పలుమార్లు కనబడినది. దానిని గూర్చి మౌనము వహించువాడు వారికి మిత్రుడు కాడు. అయితే మార్గమేది? చచ్చిన పశువు నెవడు తినును? మాంసమునకు వేరు గతి లేనివాడు తినును. పశువులకు ఏటేట టీకా వేయుట ప్రభుత్వము పని. వేయక, రోగము వచ్చిన పిమ్మట తినినవాని నాగరికతను విమర్శించుట సోమరి వైద్యుని పద్ధతి. కొడవలికణ వ్యాధియు నట్టిదే. దానికి నాటుమందు చాలదు; రక్తపరీక్ష కావలెను, హైడ్రాక్సీయూరియా కావలెను. దానిని 2047 నాటికి నిర్మూలింతుమని 2023 జులై 1న దేశవ్యాప్తమైన ఉద్యమమొకటి ఆరంభమైనది. కాని పరీక్షచేసి చేతికొక కార్డు నిచ్చి, అందలి మాట యేమో ఆ పిల్లకు ఆమె భాషలో చెప్పక పోయినచో, ఆ కార్డు ఆమె పెండ్లికి కళంకమగును గాని ఆరోగ్యమునకు దారి కానేరదు.

గౌరవమను మాటనే దుర్వినియోగము చేయువారును కలరు. వారిని మేము మరింత ఖండింపవలసి యున్నది. 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపురము ప్రాంతమున మామిడిటెంక జావ త్రాగి జనులు మరణించిరి. ఆకలిచావులని ఒక పక్షము మొరపెట్టగా, టెంక తినుట వారి ఆచారమేయని ప్రభుత్వపక్షము సమాధాన మిచ్చెను. టెంకపిండి కొండవారి ఆహారమే. దానిని ఎండబెట్టి, దంచి, పారునీటిలో నానవేసి వగరు తీసి వండుదురు. కాని వేరు గింజలేక, బూజుపట్టిన టెంకనే కడుపునకు దిక్కుగా చేసికొనవలసివచ్చుట ఆచారము కాదు, కరవు. మెచ్చుకొనుటకు పండుగయు నృత్యమును, తప్పించుకొనుటకు ఆచారమును, నిందించుటకు అజ్ఞానమును వాడుకొనువారి గౌరవము మాకక్కరలేదు. మేము కోరు గౌరవమునకు అర్థ మొక్కటే: ఎవని శరీరమును గూర్చి తీర్మానము జరుగునో, ఆ తీర్మానమున వానికి మాట యుండవలెను.

ఇది మనకు క్రొత్తపాఠము కాదు. పర్లాకిమిడిలో నుండిన గిడుగు వేంకట రామమూర్తిగారు సవరలకు చదువు చెప్పదలచినప్పుడు, మొదట తామే సవరభాష నేర్చికొనిరి. ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లో మద్రాసున అచ్చుపడినది. తెలుగువ్రాతను గూర్చి వారితో ఎందరు ఎంతగా వాదించినను, సవరల విషయమున వారు చూపిన దారి తప్పని యెవ్వరును అనలేదు. నేర్పబోవువాడు ముందు నేర్చుకొనవలెను. శతాబ్దము గడిచిన పిమ్మటను, సవర మాట రాని డాక్టరు సవర రోగికి సైగలతో వైద్యము చేయుచున్నాడనిన, మనము రామమూర్తిగారికి విగ్రహములు నిలిపితిమి గాని వారి పని నిలుపలేదనవలెను.

కావలసిన చట్టము లేకపోలేదు. షెడ్యూలు ప్రాంతముల పంచాయతీలను గూర్చిన 1996 నాటి పెసా శాసనము, సామాజిక రంగములలోని సంస్థలపైనను ఉద్యోగులపైనను అదుపును గ్రామసభలకును పంచాయతీలకును ఇయ్యవలెనని స్పష్టముగా చెప్పుచున్నది. అంగన్‌వాడీ సామాజిక సంస్థ కాదా? ఆరోగ్య ఉపకేంద్రము కాదా? అట్లయినచో అంగన్‌వాడీలో ఏమి వండవలెనో రాజధానిలోని బల్లపై ఏల నిర్ణయమగుచున్నది? ఏజెన్సీ దుకాణమున బియ్యముతోపాటు, ఆ కొండలోనే కొనిన చోళ్లు, సామలు, కందులు ఇయ్యవలెను. వంటకు ఆ గూడెపు స్త్రీలనే నియమింపవలెను. నర్సుల శిక్షణలో కోయ, గోండి, కువి, సవర పిల్లలకు చోటు పెంచి, వారిని వారి ప్రాంతమునకే పంపవలెను. కాన్పుగదిలోనికి తల్లి కోరిన తోడును రానీయవలెను. కొండప్రాంతమున మూడువేల జనులకొక ఉపకేంద్రమను లెక్కకు మారుగా, నడచివచ్చు గంటలను లెక్కపెట్టి కేంద్రములు నెలకొల్పవలెను. తలలను లెక్కించువానికి లోయయు ఏరును కనబడవు.

2011 జనాభాలెక్కల ప్రకారము దేశమున ఆదివాసులు 10 కోట్ల 40 లక్షలు. నూటికి ఎనిమిది మందికి పైబడినవారు. ఇంతమందిని గూర్చి దయతో మాటాడుట సులభము. చదువరులలో ఏజెన్సీ సేవకు చందాలిచ్చు కుటుంబములు, పోవు సంఘములు పెక్కు గలవు. వారికి మా విన్నపము: ఈ యేడు బిస్కట్ల మూట కట్టుటకు ముందు ఆ గూడెపు స్త్రీలను ఊరి నడుమ కూర్చుండబెట్టి, మీ బిడ్డలకు ఏమి పెట్టిన బాగుండునని అడుగుడు. వారు చోళ్లడిగిన చోళ్లు కొనియిండు. దారి అడిగిన వారితోకూడ కలెక్టరు కచేరీకి నడువుడు. ఏమియు వద్దు, మా పోడుపట్టా మాకిప్పింపుడనినచో, అదియే వారి బిడ్డల పోషకాహారమని గ్రహించి ఆ పనికి పూనుకొనుడు.